సుత్తె ముద్ర

(మహారాష్ట్రలోని అల్లపల్లిలో ఒక సైన్సు ఉపాధ్యాయుని వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం)



మెదడు ఎలా తయారవుతుందో, అందులో ఎపిజెనెటిక్స్ పాత్ర ఏమిటో మాట్లాడమని సభ పెట్టినవాళ్లు ఫోన్ చేస్తే, ‘మరాఠీలోనా, తెలుగులోనా?’ అన్నాను. ‘సారు మిమ్మల్ని ఏ భాషల తిట్టెటోళ్లో ఆ భాషల’ అన్నారు. కాబట్టి తెలుగే. పాఠం మరాఠీలో చెప్పినా, కోపం వస్తే మాస్టారి నోట సిరోంచ తెలుగే వచ్చేది. హైదరాబాదు నుంచి కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి సిరోంచ మీదుగా వచ్చాను. ఆ రోడ్డు గురించి మీకు నేను చెప్పేదేముంది? నా నడుము ఇంకా చెప్తూనే ఉంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మాస్టారు ఒక పని చేశారు. బడి వెనక ఒక అవ్వ ఇంట్లో కోడి పొదుగుకు కూర్చుంది. కింద పన్నెండు గుడ్లు, అన్నీ ఒకే రోజు పొదుగుకు పెట్టినవి. రోజుకొకటి డబ్బులిచ్చి తెచ్చి, ఒక గిన్నెలో పాతగుడ్డ చుట్టి అందులో నిలబెట్టేవారు. చిన్న కత్తెర మొనతో పెంకు మీద రూపాయి బిళ్లంత కిటికీ కోసేవారు. మొదటిరోజు సొన మీద ఒక తెల్లచుక్క, అంతే. రెండోరోజు ఆ చుక్క సాగి నూలుపోగంత గీత అయింది. భూతద్దం పెట్టి చూస్తే గీత పొడవునా రెండు అంచులు లేచి ఒకదానివైపు ఒకటి వంగుతున్నాయి, కజ్జికాయ అంచులు కలుపుతున్నట్టు. ఒక కొన కాస్త ఉబ్బి ఉంది. ‘గా ఉబ్బిందే తలకాయ’ అన్నారు మాస్టారు. మూడోరోజు ఎర్రచుక్క ఒకటి కొట్టుకుంటోంది. నలభై మంది ఉన్న క్లాసులో చప్పుడు లేదు. అయిదోరోజు గుడ్డుతో పాటు అవ్వ కూడా వచ్చింది. ‘పన్నెండు పిల్లలైతయనుకుంటే పన్నెండు బొందలు జేస్తివి గద సారూ’ అంది. మిగిలిన ఏడూ ఆమెకే వదిలేశారు.

ఇది మాస్టారు కనిపెట్టిన పద్ధతేమీ కాదు. రోజుకొక గుడ్డు పగలగొట్టి లోపల పిల్ల ఎలా ఎదుగుతుందో చూసి రాసిపెట్టినవాడు అరిస్టాటిల్. ఆయనకు గుడ్లు అమ్మినవాళ్లు ఏమన్నారో మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ మూడోరోజు నేను లేచి అడిగాను. ‘సార్, మొన్న ఉన్నది ఒక్క చుక్కే. అందులో ఏది గుండె కావాలో, ఏది తల కావాలో దానికెవరు చెప్పారు?’ ‘ఎవలు చెప్పలె. దాన్లనే రాసుంటది.’ ‘అన్ని కణాల్లో ఒకటే రాసుంటే అన్నీ ఒకేలాగ అవ్వాలి కదా సార్?’ చాక్‌పీసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. ‘నాకు తెల్వదు బిడ్డా. నువ్వు పోయి సదువుకొని వచ్చి చెప్పు’ అన్నారు. ఆ మాట ఆయన మరిచే ఉంటారు. నేను మరవలేదు. చెప్పడానికి వచ్చేసరికి ఆయన పటమై గోడ మీద ఉన్నారు. ఆలస్యమైన ఆ జవాబే ఈ ఉపన్యాసం.

జవాబు ఈ ఊళ్లోనే ఉంది, కలప డిపోలో. టేకుచెట్టు కొట్టకముందే మొదలు దగ్గర బెరడు చెక్కి సుత్తెతో ముద్ర వేస్తారు. కొట్టాక నేలలో మిగిలిన మోడు మీద ఆ ముద్ర కనపడాలి. లేకపోతే అది దొంగ నరుకుడు. దుంగ డిపో చేరాక దానికో నంబరు, పొడవు, చుట్టుకొలత. ఏ లాటులో పడుతుంది, హర్రాజులో ఎవరి లారీ ఎక్కుతుంది అన్నదంతా ఆ రాతను బట్టే. సుత్తె దెబ్బకు టేకు మద్ది కాదు, లోపలి చేవ చేవగానే ఉంటుంది. మారేది దుంగ పోయే దారి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ రెండు మీటర్ల డీఎన్ఏ పోగు ఉంది. దాదాపు ఇరవై వేల జన్యువులు దాని మీదే. మోకాలి చర్మంలోనూ అవే, మెదడులోనూ అవే. ఇంత పోగు కంటికి కనపడని కేంద్రకంలో పట్టాలంటే చుట్టిపెట్టాలి. హిస్టోన్లనే ప్రోటీన్ ఉండలుంటాయి. ఒక్కో ఉండకు 147 అక్షరాల పోగు ఒకటిన్నర చుట్టు పైచిలుకు చుట్టుకుని ఉంటుంది. చుట్ట బిగిస్తే లోపలి జన్యువును చదవడం కుదరదు, వదులు చేస్తే చదవొచ్చు. ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అన్నదానికి రసాయన ముద్రలున్నాయి. కొన్ని డీఎన్ఏ అక్షరాల్లో ‘సి’ మీదే పడతాయి, మిథైల్ అనే చిన్న తునక రూపంలో. కొన్ని హిస్టోన్ల తోకల మీద పడతాయి. అక్షరం మారదు. చదువుతారా, దాటేస్తారా అన్నది మారుతుంది. పిండం ఎదుగుదలలో జన్యువులు ఎలా పనిచేస్తాయన్న శాస్త్రానికి 1942లో ఎపిజెనెటిక్స్ అని పేరు పెట్టినవాడు కాన్రాడ్ వాడింగ్టన్. ఈ ముద్రల సంగతి ఆయనకు అప్పటికి తెలియదు. పేరు ముందు పుట్టింది, బిడ్డ తరవాత పుట్టింది.

డిపోలో పనిచేసినవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. దుంగను రెండు చేస్తే రెండో ముక్క మీద ముద్ర ఉండదు కదా? ముద్ర లేని దుంగ దొంగ దుంగ. కణం రెండుగా చీలినప్పుడూ అదే చిక్కు. కొత్తగా అల్లుకున్న పోగు మీద మిథైల్ గుర్తులు ఉండవు. డీఎన్ఎంటీ1 అనే ఎంజైము పాత పోగును చూసుకుంటూ కొత్తదాని మీద అవే చోట్ల గుర్తులు వేస్తూ పోతుంది. కాలేయం కణం చీలితే మళ్లీ కాలేయమే పుట్టడం వెనక ఈ గుమస్తాగిరీ ఉంది. అసలు ముద్రే పడని చోట్లూ ఉన్నాయి. ప్రతి కణానికీ రోజూ కావలసిన జన్యువుల మొదళ్ల దగ్గర మిథైల్ పడకుండా కాపలా ఉంటుంది. ఇక్కడి ‘గ్లోరీ ఆఫ్ అల్లపల్లి’లో లాగన్నమాట. ఆ ఆరు హెక్టార్లను 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి చెట్లకు సుత్తె తగలదు.

ఇక మెదడు. మాస్టారి గుడ్డులో రెండోరోజు చూసిన కజ్జికాయ గుర్తుందిగా? ఆ అంచులు కలిసి గొట్టమవుతాయి. దాన్ని నాడీగొట్టం అంటాం. మెదడు, వెన్నుపాము రెండూ అందులోంచే వస్తాయి. గొట్టం గోడలో ఉన్నవి నాడీ మూలకణాలు. మొదట్లో ఒకటి రెండు, రెండు నాలుగుగా తమలాంటివాటినే కంటాయి. తరవాత ఒక్కో చీలికలో ఒకటి మూలకణంగానే ఉండిపోతే, రెండోది న్యూరాన్ అనే నాడీకణం అయి బయటికి పోతుంది. ఎలా పోతుంది? మూలకణానికి పొడవాటి పోగు ఒకటి గోడ లోపలి అంచు నుంచి పై అంచుదాకా సాగి ఉంటుంది. పుట్టిన న్యూరాన్ దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది, మోకు వేసుకుని తాటిచెట్టెక్కే గౌడన్న లాగ. పాస్కో రాకిచ్ 1972లో కోతి పిండాల్లో ఈ పాకుడును బొమ్మ కట్టి చూపించాడు. మెదడు పైపొర అయిన కార్టెక్సులో ముందు పుట్టినవి కింద ఆగుతాయి, తరవాతవి వాటిని దాటి పైన కూర్చుంటాయి. కాబట్టి న్యూరాన్ ఎప్పుడు పుట్టిందన్నదే అది ఎక్కడ ఉంటుందో, ఏ పని చేస్తుందో చాలామటుకు తేలుస్తుంది. న్యూరాన్ల వంతు అయ్యాక అవే మూలకణాలు గ్లియా అనే తోడు కణాలను కంటాయి. వాటిలో ఆస్ట్రోసైట్లు ముఖ్యమైనవి.

నా ఉద్యోగ జీవితమంతా తిరిగింది ఈ ‘ఎప్పుడు’ చుట్టూనే. ఒకటే మూలకణం, ఒకటే డీఎన్ఏ. ముందు న్యూరాన్లు, తరవాతే గ్లియా అన్న క్రమం ఎందుకు తప్పదు? నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం జపాన్‌లో జరిగింది, 2001లో తకిజావా, తాగా బృందం ప్రచురించింది. ‘ఆస్ట్రోసైట్ అవ్వు’ అని చెప్పే ఒక రసాయన కబురు ఉంది. ఎలుక పిండం నుంచి పదకొండున్నర రోజుల వయసున్న మూలకణాలు తీసి వాటికి ఆ కబురు పంపితే వినిపించుకోవు. పద్నాలుగున్నర రోజులవాటికి పంపితే వింటాయి. కబురు అదే, మోసుకెళ్లే స్టాట్3 అనే ప్రోటీన్ అదే. తేడా తలుపు దగ్గర. ఆస్ట్రోసైట్ల ప్రత్యేక జన్యువు జీఎఫ్ఏపీ. దాని మొదట్లో స్టాట్3 కూర్చోవలసిన పీట మీద, చిన్న వయసు కణాల్లో మిథైల్ ముద్ర ఉంది. పెద్దవాటిలో పోయింది.

మరి ఆ ముద్రను చెరిపిందెవరు? ఇది 2009లో తేలింది. అప్పటికే పుట్టిన న్యూరాన్ పిల్లలు వెనక మిగిలిన మూలకణాలను తాకి నాచ్ అనే దారిలో సైగ చేస్తాయి. దాంతో ఎన్ఎఫ్ఐఏ అనే ప్రోటీన్ తయారై, ఇందాకటి గుమస్తా డీఎన్ఎంటీ1ను ఆ పీట దగ్గర నుంచి తోసేస్తుంది. కొత్త పోగు మీద ముద్ర పడదు, తలుపు తెరుచుకుంటుంది. అంటే ముందు పుట్టినవాళ్లే తల్లితో ‘మేం చాలు, ఇక తోడు కావలసినవాళ్లను కను’ అని చెప్తున్నారు. ఆ సంగతి రాసిన వ్యాసం మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాస్టారికి ఉత్తరం రాద్దామనుకున్నాను, రాయలేదు.

ఇక హిస్టోన్ తోకల మీది ముద్రలు. వీటిలో బిగించే ముఠా పేరు పాలీకోంబ్. పండు ఈగల్లో మగవాటి ముందు కాళ్లకు దువ్వెన పళ్లలాంటి వెంట్రుకలుంటాయి. ఈ ముఠా పాడైతే మిగతా కాళ్లకూ దువ్వెనలు మొలుస్తాయి. ఆ పేరు అలా వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం ఏళ్ల తరబడి తిప్పలు పడింది ఇలాంటి ఈగలతోనే. ఎలుక కార్టెక్సు మూలకణాల్లో ఈ ముఠాకు సుత్తె లాంటి ఈజెడ్‌హెచ్2 అనే ఎంజైమును ముందే తీసేస్తే, పంచాంగం మొత్తం ముందుకు జరిగింది. మూలకణాలు తమను తాము నిలుపుకోకుండా తొందరపడి న్యూరాన్లయ్యాయి, గ్లియా కూడా వేళకు ముందే మొదలైంది. మనిషి న్యూరాన్లు పాకానికి రావడానికి నెలలు, ఏళ్లు పడతాయి, ఎలుకవి వారాల్లో వస్తాయి. మనిషి కణాల్లో ఈ ఎంజైమును కాసేపు అడ్డుకుంటే న్యూరాన్లు వేగంగా పాకానికి వచ్చాయని 2024లో న్యూయార్క్ నుంచి వచ్చిన పని చూపింది. మన పిల్లల బాల్యం అంత పొడుగ్గా ఉండటంలో ఈ బిగింపుకు వంతు ఉందని నా అనుమానం. అనుమానమే, రుజువు కాదు.

మన రాష్ట్రం సంగతి చెప్పకపోతే తప్పు. ముంబై టీఐఎఫ్ఆర్‌లో శుభా తొలే ప్రయోగశాల ఎల్‌హెచ్ఎక్స్2 అనే జన్యువు వెంట పడింది. అది లేని చోట కార్టెక్సు కావలసిన కణాలు, పక్కనే హిప్పోకాంపస్ అనే మెదడు భాగాన్ని కట్టించే మేస్త్రులుగా మారిపోయాయని 2008లో చూపారు. ఆ జన్యువు ప్రోటీన్, క్రొమాటిన్‌ను (డీఎన్ఏ, హిస్టోన్ల చుట్టలను) సవరించే న్యూర్డ్ అనే ముఠాతో చెయ్యి కలిపి, ఏ పొర న్యూరాన్ కావాలో తేల్చే జన్యువులను అదుపులో పెడుతుందని 2017లో చూపారు. ఇక్కడి నుంచి ముంబై ఎంత దూరమైనా, అది ఈ రాష్ట్రంలోనే ఉంది. పిల్లలు గుర్తుపెట్టుకోండి.

ముద్రలు వేయడానికి సరుకు కావాలి. ఆ మిథైల్ తునకలు ఎక్కడివి? తిండిలోవి. వాటిని చేతి నుంచి చేతికి అందించే పని ఫోలేట్ అనే విటమినుది. ఇక్కడి నుంచి కథ మనూరి ఇళ్లలోకి వస్తుంది.

1928 చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల కూలి బస్తీల్లో గర్భిణులు రక్తం లేక పాలిపోయి చనిపోతున్నారు. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక ముద్ద తినిపిస్తే కోలుకుంటున్నారని 1931లో ఆమె రాసింది. అందులో ఉన్నదేమిటో తెలియక చాలాకాలం ‘విల్స్ ఫ్యాక్టర్’ అనే అన్నారు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర వడకట్టి దాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు, అందుకే ఈ ఫోలేట్‌కు ఫోలిక్ ఆసిడ్ అనీ పేరు. ఆకు పేరు పెట్టుకున్న మందు, తునికాకు మీద బతికే ఊరికి పరాయిది కాదు.

టన్నుల ఆకు పిండుతూ కూర్చుంటే లోకానికి మందు అందదు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయాలి. 1945లో లెడర్లీ కంపెనీలో ఆ పని చేయించినవాడు యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినవాడు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్నాడు, తనూ దాదాపు పోయేవాడే. ఫోలిక్ ఆసిడ్ సరిగ్గా ఆ జబ్బులో రక్తహీనతకు పనిచేసే మందు. ఏటా ఈ జిల్లాలో ఇంటింటికీ తెచ్చి మింగించే బోదకాలు మాత్రల్లో డీఈసీ ఉంటుంది చూడండి, మరాఠీవాళ్లు హత్తీరోగ్ గోళీ అంటారు, అదీ ఆయన బృందం పనే, 1947ది. అమెరికా నుంచి ఒక్కసారి కూడా తిరిగిరాకుండా 1948లో అక్కడే పోయాడు. ఆయన మాత్రలు మాత్రం అల్లపల్లి దాకా వచ్చాయి.

అదే ప్రయోగశాల నుంచి ఫోలిక్ ఆసిడ్‌కు శత్రువు కూడా వచ్చింది, అమినోప్టెరిన్. పిల్లల రక్త క్యాన్సరు మీద సిడ్నీ ఫార్బర్ 1948లో దాన్ని వాడి చరిత్ర తిప్పాడు. గర్భిణులు వాడినప్పుడు మాత్రం పిండాలు వికారంగా ఎదిగాయని 1952 నాటికి బయటపడింది. ఫోలేట్ అందకపోతే పిండానికి ఏమవుతుందో అలా చేదుగా తెలిసింది. ఫోలేట్ రెండు పనులు చేస్తుంది. చీలే కణాలకు కొత్త డీఎన్ఏ అక్షరాల సరుకు ఇస్తుంది, ముద్రలకు మిథైల్ ఇస్తుంది. ఈ రెంటిలో ఏది కరువై కజ్జికాయ అంచు కలవకుండా పోతుందో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఫలితం మీద మాత్రం వాదన లేదు. ఒకసారి నాడీగొట్టం మూసుకోని బిడ్డను కన్న తల్లులకు ముందునుంచే ఫోలిక్ ఆసిడ్ ఇస్తే, మళ్లీ అలా పుట్టడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో చేసిన పరీక్ష తేల్చింది.

‘ముందునుంచే’ అన్న మాట దగ్గర ఆగండి. మనిషి పిండంలో నాడీగొట్టం అంచులు పూర్తిగా మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపు. అంటే నెల తప్పిందని ఆడమనిషి వేళ్లు లెక్కపెట్టుకునే వేళకు పని దాదాపు అయిపోతుంది. ఆశా కార్యకర్త వచ్చి పేరు రాసుకునేసరికి రెండో నెలో మూడో నెలో. నాలుగో నెల నుంచి ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. అది తల్లి రక్తానికి మంచిది, తప్పక వేసుకోవాలి. మూసుకోవలసిన గొట్టానికి మాత్రం అది పెళ్లి అయ్యాక వచ్చిన బ్యాండు మేళం. గొట్టానికి అందేది అంతకుముందు తీసుకున్నదే: బడిలో ఆడపిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలిమాత్ర, ఆకుకూర. ‘కడుపుల తిప్పుతది మేడమ్’ అని ఆ మాత్ర ఎక్కడెక్కడ పారేస్తారో నాకు తెలుసు, నేనూ ఆడపిల్లనే. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. పుంటికూర, తోటకూర, మునగాకు ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే ఫోలేట్ ఆ నీళ్లతోనే పోతుంది.

నా చిన్నప్పుడు మా పిన్నికి తొలిచూలు బిడ్డ తలపైన ఎముక లేకుండా పుట్టి, పొద్దుగూకేలోగా పోయింది. ఏడో నెలలో గ్రహణం నాడు పిన్ని వాకిట్లోకి వచ్చి వంకాయ కోసిందని మా ఇంటి ఆడవాళ్లే తేల్చారు. ఆ వంకాయ మాట ఆమెను ఇరవై ఏళ్లు వెంటాడింది. ఆ గ్రహణానికి ఎన్నో నెలల ముందే జరగవలసింది జరిగిపోయింది. ఆ సంగతి నేను చదువుకుని వచ్చి చెప్తే పిన్ని ‘ఇప్పుడు చెప్తే ఏం లాభమే’ అని లోపలికి వెళ్లిపోయింది.

అందుకే ఇంకొకటి కటువుగా చెప్తున్నాను. ఈ మధ్య పట్నాల్లో గర్భ సంస్కారాల క్లాసులు పెట్టి, ఫలానా పాట వింటే బిడ్డ జన్యువుల మీద ముద్రలు మారతాయని, తల్లి కోపగించుకుంటే చెడిపోతాయని, దానికి ఎపిజెనెటిక్స్ అని పేరు తగిలించి ఫీజులు తీసుకుంటున్నారు. ఇది గ్రహణం వంకాయే, ఇంగ్లీషు చీర కట్టింది. పాట వినాలనుంటే వినండి, డబ్బులివ్వకండి. తిండి లెక్క కూడా ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అన్నట్టు ఉండదు. పుణెలో యాజ్ఞిక్ బృందం 1993లో పల్లె తల్లులతో మొదలుపెట్టిన అధ్యయనంలో, ఫోలేట్ ఎక్కువగా ఉండి బీ12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ల వయసులో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. మిథైల్ చేతులు మారాలంటే ఫోలేట్ ఒక చెయ్యి, బీ12 రెండో చెయ్యి. బీ12 ఆకుల్లో దొరకదు. పాలు, గుడ్డు, చేప, మాంసంలో ఉంటుంది. ప్రాణహిత చేప తినే ఊరికి ఈ ఒక్క విషయంలో పుణె మీద పైచేయి.

ముద్రలు సరిగ్గా ఉన్నా, వాటిని చదివే మనిషి లేకపోతే చిక్కే. ఎంఈసీపీ2 అనే ప్రోటీన్ మిథైల్ ముద్రలను పట్టుకుని చదువుతుంది. ఆ జన్యువు చెడితే రెట్ సిండ్రోమ్ వస్తుందని హుదా జోగ్బీ బృందం 1999లో కనిపెట్టింది. ఎక్కువగా ఆడపిల్లలకే వస్తుంది. ఏడాదో ఏడాదిన్నరో మామూలుగా ఎదిగిన పాప ఉన్నట్టుండి మాటలు మరిచి, చేతులు నలుపుకోవడం మొదలుపెడుతుంది. 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం జబ్బు ముదిరిన ఎలుకల్లో ఆ జన్యువును తిరిగి పనిచేయిస్తే అవి తేరుకున్నాయి. న్యూరాన్లు చావలేదు, కాచుకుని ఉన్నాయి. మనుషుల్లో అది ఇంకా అంత సులువు కాదు. కానీ చెడిందనుకున్న మెదడు తిరిగి లేస్తుందని ఒక్కసారి కంటితో చూశాక, ప్రయోగశాలలో మాట తీరే మారిపోయింది.

మాస్టారికి నేను బాకీపడ్డ జవాబు ఇంతవరకు. మిగతాది పక్క గదిలో ఉంది. అవ్వ మనవరాలు ఇచ్చిన ఏడు గుడ్లు బల్బు కింద పెట్టి రెండున్నర రోజులైంది. కరెంటు నిన్న రాత్రి గంటసేపు పోతే ఆమె వాటిని తన కోడి కింద దాచిందట. సభ అయ్యాక నలుగురు నలుగురుగా రండి. పెంకు మీద చేతులు పెట్టకండి. కిటికీ నేనే కోస్తాను. గుండె కొట్టుకుంటున్నట్టు మొదట ఎవరికి కనపడితే వాళ్లు గట్టిగా చెప్పండి, భూతద్దం ఒక్కటే ఉంది.